ఉప్పుగాలి, ఏటవాలు రోడ్డు, పాత సైకిల్: ఎంవీపీ కాలనీ సైకిల్ షెడ్డుపై ఒక సమీక్ష

విశాఖలో ఎంవీపీ కాలనీ ఉషోదయ కూడలికి కాస్త లోపలగా, ఒక ఖాళీ స్థలంలో రేకులు వేసుకుని, చుట్టుపక్కల వీధుల వాళ్లు కొందరు కలిసి పాత సైకిళ్లను బాగుచేసి అవసరమున్నవాళ్లకు అందించే పని నడుపుతున్నారు. దానికి బోర్డు లేదు, పేరు కూడా పెట్టుకోలేదు. అందరూ సైకిల్ షెడ్డు అనే అంటారు. మా అపార్టుమెంటు సంఘం తరఫున నేను అక్కడికి సైకిళ్లు ఇచ్చాను, మా ఇంట్లో వంట చేసే ఆవిడ కోసం ఒకటి ఇప్పించాను, వీలు చిక్కిన ఆదివారాల్లో పానా పట్టుకుని వాళ్లతో పాటు పనిచేశాను. ఇచ్చేవారి వైపు నుంచీ, తీసుకునేవారి వైపు నుంచీ, పనిచేసేవారి వైపు నుంచీ చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటే. విశాఖలో ఏ సైకిల్‌కైనా రెండు పరీక్షలు తప్పవు, ఒకటి సముద్రపు గాలి, రెండోది ఎత్తుపల్లాల రోడ్డు. రోడ్డు పరీక్షకు ఈ షెడ్డు తన సైకిళ్లను ఎంతో శ్రద్ధగా సిద్ధం చేస్తోంది. గాలి పరీక్షకు మాత్రం ఇంకా సగమే సిద్ధం చేస్తోంది.

ఇక్కడికి వచ్చే సైకిళ్లు ఎక్కువగా అపార్టుమెంట్ల సెల్లార్ల నుంచే వస్తాయి. మన ఇళ్లలో పదో తరగతి అయ్యేదాకా పిల్లలు సైకిల్ తొక్కుతారు. ఇంటర్మీడియట్‌కు హాస్టల్‌లో చేర్చిన రోజు నుంచి అది స్తంభానికి ఆనించిన చోటే ఉండిపోతుంది. తిరిగి వచ్చేసరికి పిల్లవాడికి స్కూటర్ కావాలి. రెండు మూడు వానాకాలాలు గడిచాక టైర్లు పగుళ్లిచ్చి, చైను తుప్పుతో బిగుసుకుపోయి, సంఘం సమావేశంలో ఎవరో ఒకరు వీటిని పాత ఇనుముకు వేసేద్దామని ప్రతిపాదిస్తారు. తూకానికి వేస్తే వచ్చే డబ్బు సంఘానికి ఏ మూలకూ రాదు, పైగా అందులో చాలా సైకిళ్లకు ఫ్రేము చెక్కుచెదరకుండా ఉంటుంది. వీటికి తోడు పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంట్లలో పనిచేసి రిటైరైన కుటుంబాల నుంచి నల్లరంగు పెద్ద సైకిళ్లు, 28 అంగుళాల చక్రాలవి, ఇప్పటికీ వస్తుంటాయి. సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్ కంపెనీ సైకిళ్లు కూడా వాటిలో కనిపిస్తాయి. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే మూతపడింది. కాబట్టి ఆ గుర్తు ఉన్న ఫ్రేము వస్తే షెడ్డులో అందరూ ఒక్కసారి ఆగి చూస్తారు. ఆ ఫ్రేముల్లో చాలావాటికి ఇంకో తరం మోసే సత్తువ ఉంది.

సైకిల్ ఇవ్వడానికి వెళ్లినవాళ్లను మొదట కూర్చోబెట్టి ఒక కాగితం రాయించుకుంటారు. పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున కంపెనీ గుద్దిన నంబరు ఉంటుంది. సైకిల్‌ను తలకిందులు చేసి, మట్టి గీకి, ఆ నంబరును కాగితం మీదికి ఎక్కిస్తారు. ఇచ్చేవారు ఇది నాదేనని సంతకం పెట్టాలి. ఇదంతా ఎందుకని విసుక్కునేవారు ఉన్నారు కానీ, తర్వాత ఆ సైకిల్ తీసుకునేది ఒక వాచ్‌మన్ కొడుకో, కూలి పనికి పోయే మనిషో అయినప్పుడు, ఇది నీకు ఎక్కడిదని దారిలో ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి అదే నంబరుతో ఒక రసీదు ఉండటం ఎంత ధైర్యమో ఆలోచించాలి. పేదవాడి చేతిలో మంచి వస్తువు కనిపిస్తే దొంగసొత్తు అనుకునే అలవాటు మనలో బలంగానే ఉంది. ఈ షెడ్డు చేసే పనుల్లో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించినది ఈ చిన్న కాగితమే.

నంబరు రాసుకున్నాక సైకిల్‌ను మూడు వరుసల్లో ఏదో ఒకదానిలో నిలబెడతారు. తొక్కడానికి పనికొచ్చేవి ఒకటి, విడిభాగాల కోసం విప్పదీసేవి మరొకటి, పూర్తిగా తుక్కుకు పోయేవి ఇంకొకటి. ఇందులో మొహమాటం ఉండదు. ఫ్రేము అతుకుల దగ్గర వెంట్రుకంత పగులు కనిపించినా, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వెనక్కి వంగి ఉన్నా, రంగు ఎంత కొత్తగా మెరుస్తున్నా సరే, దాన్ని రోడ్డు మీదికి పంపరు. మా సంఘం ఇచ్చినవాటిలో చూడడానికి అన్నిటికన్నా బాగున్న ఒక ఎర్ర సైకిల్‌ను మొదటి రోజే తుక్కు వరుసలో పెట్టినప్పుడు దాని యజమాని నొచ్చుకున్నారు. షెడ్డులో అందరూ మేస్త్రీగారని పిలిచే పెద్దాయన ఆయన చేయి పట్టుకుని, ఫోర్కు మెడ దగ్గరున్న పగులు మీద వేలు పెట్టించి, "తగిలిందా బాబూ? ఇది పల్లంలో విరిగితే మనిషి మొహం మీద పడతాడు" అని చెప్పారు. ఆ తర్వాత వాదన లేదు.

బాగుచేయడం అంటే ఇక్కడ పైపైన తుడిచి గాలి కొట్టడం కాదు, పూర్తి ఓవర్‌హాలింగ్. పాత నల్ల సైకిళ్లకు పెడల్ కడ్డీలను ఇరుసుకు పట్టి ఉంచేది కాటర్ పిన్ను. ఏళ్ల తరబడి తడి తగిలిన ఆ పిన్ను ఊడి రావడమే ఒక యుద్ధం. నూనె వేసి ఒక రాత్రంతా వదిలేసి, కడ్డీ కింద చెక్క ఊతం పెట్టి, ఒక్క గట్టి దెబ్బతో కొట్టాలి తప్ప చిన్న చిన్న దెబ్బలు కొడుతూపోతే పిన్ను తల పరచుకుపోయి ఇక రాదు. ఇరుసు బయటికి తీశాక అందులో మిగిలిన గ్రీజు నల్లటి బంకలా, ఒక్కోసారి కాఫీ రంగు నీళ్లలా కారుతుంది. ఇరుసు తేలిగ్గా తిరగడానికి వేసే పావు అంగుళం ఇనుప గుండ్లను, అంటే బాల్సును, డీజిల్‌లో కడిగి, ఒక్కొక్కటిగా వెలుతురుకు పెట్టి చూసి, మచ్చ పడినవి పక్కన పెట్టి, ఒక్కటి చెడినా ఆ వైపు మొత్తం కొత్తవి వేస్తారు. కొత్తవీ పాతవీ కలిపి వేస్తే బరువంతా కాస్త పెద్దగా ఉన్నవాటి మీదే పడి, అవి కూర్చునే గిన్నె లాంటి కప్పు గీరుకుపోతుంది. వెనక చక్రం నడిమి హబ్బులో ఒక్కో వైపు తొమ్మిది బాల్సు కూర్చున్నాక, వాటిని నొక్కి ఉంచే కోన్ బిగించే తీరు మేస్త్రీగారి దగ్గర చూడాలి. చక్రాన్ని వదిలేస్తే గాలి ట్యూబు ముక్కు బరువుకే అది మెల్లగా తిరిగి ముక్కు కిందికి వచ్చి ఆగాలి. అప్పుడే బిగింపు సరిపోయినట్టు. పట్టుకుని పక్కలకు ఊపితే కదలిక ఉండకూడదు.

చైను విషయంలో కూడా ఇదే పద్ధతి. సైకిల్ చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం కాబట్టి కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు వస్తాయి. స్టీలు స్కేలు పెట్టి చూసినప్పుడు అది అంగుళంలో పదహారో వంతు పెరిగి ఉంటే చైను మారుస్తారు. ఎనిమిదో వంతు దాకా పెరిగితే వెనక చక్రానికుండే పళ్ల చక్రం, అంటే ఫ్రీవీలు, దాని పళ్లు కూడా ఆ సాగుకు తగ్గట్టు అరిగిపోయి ఉంటాయి గనుక రెండూ మారుస్తారు. మామూలు రిపేరు దుకాణంలో అడిగితే రెండు లింకులు తీసేసి బిగుతు చేసి పంపేయడం నేను చూశాను. అలా చేస్తే ఎత్తు ఎక్కేటప్పుడు చైను పళ్ల మీద జారి కాలు నేలకు తగులుతుంది.

ఇక బ్రేకుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ షెడ్డు విలువంతా అక్కడే ఉంది. సిరిపురం వైపు నుంచి పాండురంగాపురం మీదుగా బీచ్ రోడ్డుకు దిగినవాళ్లకు తెలుసు, విశాఖలో సైకిల్‌కు పెడళ్ల కంటే బ్రేకులే ముఖ్యం. పెద్ద నల్ల సైకిళ్లకు కడ్డీ బ్రేకులు, ఇనుప రిమ్ములు ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు అవి పనిచేస్తాయి కానీ, నిగనిగలాడే ఇనుప రిమ్ము వానలో తడిసిందంటే రబ్బరుకు పట్టు దొరకదు, లివరు ఎంత నొక్కినా సైకిల్ తన దారిన తాను పోతుంది. అందుకని పల్లపు దారుల్లో వెళ్లాల్సినవాళ్లకు ఇక్కడ నల్ల సైకిల్ ఇవ్వరు. అల్యూమినియం రిమ్ములున్న సైకిల్ ఇస్తారు, వాటి మీద తడిలో కూడా బ్రేకు త్వరగా పట్టుకుంటుంది. అడిగినవాళ్లు ఎక్కడ ఉంటారు, ఏ దారిన పనికి వెళతారు అన్నది ముందుగా అడిగి తెలుసుకునేది ఇందుకే. గాజువాక వైపు చదునైన దారిలో తిరిగేవారికి నల్ల సైకిల్ చాలు, దాని మీద బియ్యం బస్తా కూడా తెచ్చుకోవచ్చు. బ్రేకు తీగలను పాతవి ఎంత బాగున్నా తప్పకుండా మారుస్తారు. తుప్పు తీగ మీది గొట్టం లోపల దాక్కుని ఉంటుంది, తీగలో ఒక్కో పోగు తెగుతూ వస్తుంది, తెగే రోజు మాత్రం చెప్పి తెగదు. అన్నీ బిగించాక సైకిల్‌ను దగ్గర్లోని ఏటవాలు వీధికి తీసుకెళ్లి, ముందు బ్రేకుతో ఒకసారి, వెనక బ్రేకుతో ఒకసారి, రెండింటితో ఒకసారి ఆపి చూసి, ఆ తర్వాత రిమ్ము మీద నీళ్లు పోసి మళ్లీ ఆపి చూస్తారు. కొత్త సైకిల్ అమ్మే దుకాణంలో కూడా నాకు ఈ పరీక్ష ఎవరూ చేసి చూపించలేదు.

వచ్చేవాటిలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేవి, అన్నిటికంటే తక్కువగా బయటికి వెళ్లేవి, చవకరకం గేర్ సైకిళ్లు. వెనకా ముందూ స్ప్రింగులు పెట్టి, లావుపాటి గొట్టాలతో చేసిన ఈ సైకిళ్లు బరువుగా ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు కాలి బలంలో కొంత స్ప్రింగు కుంగడానికే పోతుంది. గేరు మార్చే భాగాలు కొద్దిపాటి దెబ్బకే వంగిపోతాయి. షెడ్డువాళ్లు వెనక చక్రం కూర్చునే గాడి అడ్డంగా ఉన్న ఫ్రేములను ఏరి, గేర్లన్నీ తీసేసి, ఒకే ఫ్రీవీలుతో మామూలు సైకిల్‌గా మారుస్తారు. అడ్డగాడి ఉంటే చక్రాన్ని వెనక్కి జరిపి చైనును బిగుతుగా పెట్టుకోవచ్చు, నిలువుగాడిలో అది కుదరదు. ఇలా మార్చిన సైకిల్ తేలికగా, పెద్దగా నిర్వహణ అవసరం లేకుండా ఉంటుందన్నది నిజమే. అయినా ఆరిలోవ లాంటి ఎత్తు ప్రాంతాల వాళ్లకు రెండు మూడు గేర్లయినా ఉంచితే బాగుంటుందని నా అభిప్రాయం. ఎత్తు మీద దిగి తోసుకుంటూ పోవాల్సి వస్తే మనిషి నెమ్మదిగా సైకిల్ మానేస్తాడు.

పిల్లల సైకిళ్ల మార్పిడి చక్కగా సాగుతోంది. పదహారు అంగుళాల చక్రాలది ఇచ్చి ఇరవై అంగుళాలది పట్టుకెళ్లవచ్చు. ఎంవీపీలో చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లకు దీని గురించి వేరే చెప్పనక్కరలేదు.

తుప్పు విషయానికి వస్తే షెడ్డు మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుము మీద సన్నటి తడిపొరలో కరిగి, రంగు లేచిపోయిన ప్రతి చోటా లోపలికి తినుకుంటూ పోతుంది. పైకి ఆ చోట చిన్న బుడగలా మాత్రమే కనిపిస్తుంది. ఇక్కడ సమయం చాలక, గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది, తుప్పు ఇంకా మిగిలి ఉండగానే దాని మీద ఎనామెల్ రంగు వేసేస్తున్నారు. నేను ఇప్పించిన సైకిల్‌కే మడ్‌గార్డు అతుకుల దగ్గర మొదటి వానలకే రంగు పొక్కులై లేచింది. ఇనుము మెరిసేదాకా గీకి, వెంటనే తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేసి, అది బాగా ఆరాక రంగు వేయడం మన ఊళ్లో ఇంటి గేటుకు కూడా చేసే పని. బ్రేకుల దగ్గర చూపించే శ్రద్ధలో పావు వంతు ఇక్కడ చూపిస్తే సరిపోతుంది. చువ్వల విషయం కూడా అంతే. చక్రం బెండు తీసేటప్పుడు నిప్పుళ్లు, అంటే చువ్వ కొనలను రిమ్ముకు బిగించే చిన్న నట్లు, తుప్పుకు బిగుసుకుని తిరగకపోతే బలవంతం చేస్తున్నారు, అలా చేస్తే చువ్వ మెలితిరిగి కొద్ది రోజులకే విరుగుతుంది. ముందు రోజు రాత్రి నిప్పుళ్లన్నిటికీ చుక్క నూనె పెట్టి ఉంచితే సగం కష్టం తగ్గుతుంది.

సీటు గొట్టం తీసి, ఫ్రేమును బోర్లించి, లోపల నిలిచిన నీళ్లు వంపడం మాత్రం తప్పకుండా చేస్తున్నారు, అందుకు అభినందించాలి. వానలో బయట పెట్టిన సైకిల్‌లో సీటు గొట్టం గుండా దిగిన నీరు అడుగున పెడళ్ల ఇరుసు దగ్గరే నిలుస్తుంది. చాలా ఫ్రేములు లోపలి నుంచి తుప్పు పట్టేది అందువల్లే. ఇక బీచ్ దగ్గర తిరిగే సైకిల్‌ను వారానికోసారైనా మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, చైనుకు మెషిన్ ఆయిల్ వేయాలని వాళ్లు చెప్పే సలహా అక్షరాలా పాటించదగినది. కొబ్బరి నూనె వేస్తే మొదట్లో మెత్తగా తిరిగి, ఆ తర్వాత జిగురై దుమ్మంతా పట్టుకుంటుంది.

సైకిల్ తీసుకునేవాళ్లకు ఇక్కడ ఒక షరతు ఉంది. గాలి కొట్టడం, పంక్చర్ వేయడం, ఊడిన చైను ఎక్కించడం, బ్రేకు బిగించడం తమ చేతులతో చేసి చూపిస్తేనే సైకిల్ బయటికి వెళుతుంది. పనికి కూలి తీసుకోరు, వేసిన కొత్త భాగాల ఖరీదు మాత్రం పలక మీద రాసి చూపిస్తారు, అది కూడా కట్టలేనివాళ్లు రెండు ఆదివారాలు షెడ్డులో పనిచేసి తీర్చవచ్చు. మా ఇంట్లో వంట చేసే ఆవిడ మొదట ఈ షరతు విని వెనకాడారు. ట్యూబును బకెట్ నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడటం, అక్కడ గరుకు కాగితంతో రుద్ది సొల్యూషన్ రాయడం ఆవిడకు వెంటనే వచ్చేసింది. సొల్యూషన్ ఆరకముందే ప్యాచ్ అంటించబోతే మేస్త్రీగారు ఆపి, "తొందరపడకమ్మా, వేలికి అంటనంతవరకూ ఆరనీ" అన్నారు. తర్వాత టైరు లోపలి వైపు వేళ్లతో మెల్లగా తడమించారు. అక్కడ తుమ్మముల్లు మొన ఇంకా గుచ్చుకునే ఉంది. దాన్ని తీయకుండా ట్యూబు ఎక్కిస్తే వీధి మలుపు తిరగకముందే మళ్లీ గాలి దిగేది. ఆ రోజు ఆవిడ నేర్చుకున్న ఇంకో సంగతి, చాలాసార్లు మనం పంక్చర్ అనుకునేది పంక్చరే కాదని. మన సైకిళ్ల ట్యూబు ముక్కులో ఒక సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. అది ఎండకు చీకిపోతే రాత్రికి గాలి మొత్తం దిగిపోతుంది. ఆ రబ్బరు ముక్క మారిస్తే చాలు, చక్రం విప్పాల్సిన పనే లేదు.

ఆవిడకు అప్పటికి సైకిల్ తొక్కడం కూడా రాదు. పెద్దవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, సైకిల్ నేర్పడం ఈ షెడ్డు చేసే రెండో పెద్ద పని. తెల్లవారుజామున వాహనాలను ఆపి నడకవాళ్లకు వదిలే బీచ్ రోడ్డు భాగంలో నేర్పిస్తారు. ముందుగా రెండు పెడళ్లూ విప్పేసి, సీటును పాదాలు రెండూ నేలకు ఆనేంత కిందికి దించి, కాళ్లతో నేలను తోస్తూ సైకిల్‌ను నిలబెట్టుకోవడం వచ్చాకే పెడళ్లు బిగిస్తారు. వెనక సీటు పట్టుకుని ఎవరో పరుగెత్తే మన పాత పద్ధతి కంటే ఇది ఎంతో మేలు. నేర్చుకునేవారు ఒకరి చేయి మీద ఆధారపడరు, పడినా పాదం నేల మీదే ఉంటుంది. బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల్లోని ఆడపిల్లలకు సైకిళ్లు వచ్చినప్పుడు వాళ్ల అమ్మల్లో ఎంతమంది వాటిని ముట్టుకుని చూసి పక్కన పెట్టారో నాకు తెలుసు. ఆ అమ్మలకు ఇప్పుడు చీర కుచ్చిళ్లు చైనులో పడకుండా నిండు చైన్ కవరు, వెనక చక్రానికి వల ఉన్న లేడీస్ సైకిల్ వెతికి మరీ ఇస్తున్నారు. ఇలాంటి సైకిళ్లు విరాళంగా చాలా తక్కువగా వస్తాయి, వాటి కోసం ఎదురుచూసేవాళ్ల పేర్లు మాత్రం పుస్తకం నిండా ఉన్నాయి.

లోటుపాట్లలో పెద్దది వేళలు. షెడ్డు ఆదివారం ఉదయమే తెరుస్తారు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, హోటళ్లలో పనిచేసేవాళ్లకు, సెక్యూరిటీ గార్డులకు ఆదివారం ఉదయమే పని ఎక్కువ. సైకిల్ తీసుకున్నాక మళ్లీ చూపించుకోవడానికి రమ్మని చెప్పినా వచ్చేవాళ్లు కొద్దిమందే, దానికి కారణం వాళ్ల నిర్లక్ష్యం కాదు. ఆరిలోవ నుంచి హనుమంతవాక దగ్గర జాతీయ రహదారి దాటుకుని, వేగంగా వచ్చే లారీల మధ్యగా, బ్రేకు వదులైన సైకిల్ మీద ఎంవీపీకి రమ్మనడం న్యాయం కాదు. నెలకొక సాయంత్రం రెండు పానాలు, ఒక పంపు, బ్రేకు తీగల కట్ట పట్టుకుని షెడ్డువాళ్లే ఆరిలోవకూ పెదజాలారిపేటకూ వెళితే, ఇప్పుడు నెలల తరబడి చెడిపోయి గోడకు ఆనించి ఉన్న సైకిళ్లు మళ్లీ కదులుతాయి. ఈ మాట వాళ్లతో చెప్పాను, మనుషులు చాలడం లేదన్నారు. చాలడం లేదన్నది నిజమే కానీ, అదే ఆదివారాల్లో భీమిలి దాకా సముద్రం పక్కన సాగే సైకిల్ యాత్రకు మాత్రం మనుషులు బాగానే దొరుకుతున్నారు. ఆ దారి అందమైనది, పాతిక కిలోమీటర్లు తొక్కి వచ్చినవాడికి సైకిల్ మీద ప్రేమ పుడుతుంది, కాదనను. అయినా ఖరీదైన సైకిల్, మంచి హెల్మెట్ ఉన్నవాళ్ల వారాంతపు యాత్ర కంటే, తెల్లారి అయిదున్నరకు మూడు కిలోమీటర్ల దూరంలోని వంటింటికి చేరాల్సిన మనిషి సైకిల్ నడిచే స్థితిలో ఉండటమే ఈ షెడ్డుకు మొదటి పని కావాలి.

చీకట్లో బయల్దేరేవాళ్ల విషయంలో ఇంకో మాట కూడా ఉంది. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు తెల్లది, పెడళ్లకు పసుపువి ఉండాలన్న నియమం షెడ్డులో ఉంది గానీ, సరుకు అయిపోయినప్పుడు లేకుండానే పంపుతున్నారు. బ్రేకు తీగ లేకుండా పంపనివాళ్లు రిఫ్లెక్టరు లేకుండా కూడా పంపకూడదు.

అపార్టుమెంటు సంఘాలవాళ్లు ఇక్కడికి సైకిళ్లు ఇవ్వదలిస్తే, ఇంకా రెండేళ్లు సెల్లారులో ఉంచి ఇవ్వడం కంటే పిల్లవాడు హాస్టల్‌కు వెళ్లిన ఏడాదే ఇవ్వడం మంచిది. అప్పటికి టైర్లు కూడా పనికొస్తాయి, షెడ్డుకు ఖర్చు తగ్గుతుంది. తాళం చెవులు వెతికి సైకిల్‌కే కట్టి ఇవ్వండి. చెవి పోతే తాళం కోయాలి, కోసేటప్పుడు చువ్వలు దెబ్బతింటాయి. యజమాని ఎవరో తెలియని సైకిళ్లను నోటీసు అంటించి నెల రోజులు ఆగాకే సంఘం లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వండి, లేకపోతే అక్కడ తీసుకోరు. లేడీస్ సైకిల్ ఏదైనా ఉంటే, అది ఎంత పాతదైనా, ముందుగా దాన్నే పంపండి.